కుర్చీ సంగతి కూర్చున్నవాళ్లకే ముందు తెలియాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పవర్ వీల్‌చెయిర్ గురించే, అంటే బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. నేను ఈ కుర్చీలో కూర్చోబట్టి పదకొండేళ్లయింది. వెన్నెముక దెబ్బ తర్వాత నడుము కింద స్పర్శ లేదు, చేతులు బాగానే ఉన్నాయి. గుంటూరులో అమ్మతో ఉంటాను. నేను మెకానిక్‌ని కాదు. ఇక్కడ రాసేదంతా నా కుర్చీ నాకు నేర్పిందే. బ్యాటరీ ప్రశ్నకి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను.

ప్రశ్న: మా ఆవిడకి పవర్ వీల్‌చెయిర్ కొని పద్నాలుగు నెలలైంది. మొదట్లో రోజంతా తిరిగినా ఛార్జింగ్ మిగిలేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళకే ఎర్ర లైటు వస్తోంది. బ్యాటరీ పాడవకూడదని ఎర్ర లైటు వచ్చేదాకా వాడి, అప్పుడే ఛార్జింగ్ పెడుతున్నాం. ఒక బ్యాటరీ మార్చితే చాలని షాపులో అంటున్నారు. మార్చమంటారా?
— నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యగారూ, మీరు జాగ్రత్త అనుకుని చేసిందే బ్యాటరీకి చేటు చేసి ఉంటుంది. పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలన్నది పాతకాలం సెల్‌ఫోన్ల నాటి మాట. మన కుర్చీల్లో ఎక్కువగా ఉండేవి సీసం బ్యాటరీలు. జెల్ అని రాసి ఉన్నా, ఏజీఎం అని రాసి ఉన్నా అవీ సీసం జాతివే. ఛార్జింగ్ తగ్గేకొద్దీ లోపలి పలకల మీద సల్ఫేటు పేరుకుంటుంది. ఆ రాత్రికే ఛార్జింగ్ పెడితే అది మళ్లీ కరిగిపోతుంది. అలాగే వదిలేస్తే గట్టిపడి, అంతమేర పలక పనికిరాకుండా పోతుంది. అందుకే కుర్చీ వాడిన ప్రతి రోజూ, గంటే తిరిగినా సరే, రాత్రికి ఛార్జింగ్ పెట్టాల్సిందే.

పెట్టడం ఒక్కటే చాలదు, నిండేదాకా ఉంచాలి. కరెంటు పెట్టి పడుకుంటే ఏమవుతుందోనని మా అమ్మకి మహా టెన్షన్. తొమ్మిదింటికి పెట్టిన ఛార్జింగ్‌ని పదకొండింటికి లేచి ఆపేసేది. నేనూ పట్టించుకోలేదు, పొద్దున కుర్చీ నడుస్తోంది కదా అనుకున్నాను. సరిగ్గా పదకొండు నెలలకి రెండు బ్యాటరీలూ పోయాయి. ఆ రోజు కూరగాయల బజారు మధ్యలో కుర్చీ ఆగిపోతే, టమాటాల బండి అబ్బాయీ ఇంకొకతనూ కలిసి ఇంటిదాకా తోసుకొచ్చారు. ఛార్జర్ మీద పచ్చ లైటు వెలగడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. చివరి గంటల్లో చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ బ్యాటరీ ఆయుష్షు కాపాడేది ఆ గంటలే. మంచి ఛార్జర్ నిండాక తనే తగ్గించుకుంటుంది. గాలి ఆడే చోట పెట్టండి. మంచం కింద దుప్పట్ల మధ్య మాత్రం వద్దు.

ఇక షాపువాళ్ల మాట. సీటు కింద 12 వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి, కలిపి 24. ఒకటే మార్చడం అంటే కాడికి ముసలి ఎద్దునీ కోడెనీ కలిపి కట్టడమే. పాతది ముందే ఖాళీ అవుతుంది, దానితో పాటు కొత్తదీ చెడుతుంది. మారిస్తే జతగానే మార్చండి, ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే తయారీ నెల ఉండేలా చూసి.

అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, తీసేశాక మూడు నాలుగు గంటలు కుర్చీని కదపకుండా ఉంచండి. అప్పుడు వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు పెట్టించండి. ఒక్కో బ్యాటరీ 12.7 వోల్టులు, ఆ పైన చూపించాలి. అంకె బాగుందని అక్కడితో ఆగకండి. ఒక గంట ఊళ్లో తిప్పి మళ్లీ కొలిపించండి. ఒకటి నిలబడి, రెండోది బాగా పడిపోతే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. టైర్లలో గాలి కూడా చూడండి. గాలి తగ్గిన టైరు చార్జింగ్‌ని ఎంత తాగేస్తుందో చెప్పలేను. ఎంత గాలి పట్టించాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

కారు బ్యాటరీ చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఇంజను స్టార్టయ్యే క్షణంలో గట్టిగా కరెంటు ఇచ్చే రకం. రోజంతా నిదానంగా ఇస్తూ ఖాళీ అయ్యే పనికి డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి, ఆ మాట చెప్పే అడగండి. ఒకవేళ మీ కుర్చీది లిథియం బ్యాటరీ అయితే పైన చెప్పిన లెక్క మారిపోతుంది. దాన్ని సగంలో తీసినా ఫర్వాలేదు, నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో ఉంచడమే మేలు. దాని ఛార్జర్ దీనికి, దీని ఛార్జర్ దానికి ఎప్పుడూ పెట్టకూడదు.

కొత్త బ్యాటరీల మీద వేసిన తేదీ మార్కర్‌తో రాసుకోండి. ఆ తేదీ మీ ఆవిడకీ తెలియాలి. కుర్చీలో కూర్చునేది ఆవిడ కాబట్టి, మీటరు పెట్టించేటప్పుడు ఆవిడ పక్కనే ఉండి అంకెలు తనే చదవాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ ర్యాంపు మీద కుర్చీ ఉన్నట్టుండి ఆగిపోయింది, కుర్చీని చేత్తో నడిపే జాయ్‌స్టిక్ మీద లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయట. స్నేహితులు వెనకాల ఏదో లివర్ తిప్పి తోసుకొచ్చారు. ఇంటికొచ్చాక మామూలుగా నడిచింది. మళ్లీ పంపాలంటే భయంగా ఉంది.
— మండపేట నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, పంపండి. పంపే ముందు ఆ లివర్ అంటే ఏమిటో బాబుకీ, ఇద్దరు స్నేహితులకీ చూపించండి.

మన కుర్చీకి స్కూటర్‌లా చేత్తో నొక్కే బ్రేకు ఉండదు. మోటార్లలోనే ఉంటుంది. కరెంటు లేనంతసేపూ అది పట్టుకునే ఉంటుంది, జాయ్‌స్టిక్ కదిపితే కరెంటు వెళ్లి దాన్ని వదిలిస్తుంది. చేయి తీయగానే మళ్లీ పట్టేస్తుంది. అందుకే ఏటవాలు మీద ఆగినా కుర్చీ జారదు. మోటార్ల పక్కనున్న లివర్లు తిప్పితే ఆ పట్టు పోతుంది. అప్పుడిక కుర్చీకి బ్రేకే లేదు. ర్యాంపు మీద అవి తిప్పారంటే, పిల్లలు గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది.

నాకు సరిపోలేదు. బాబాయి కూతురి పెళ్లికి ఒక ఫంక్షన్ హాలుకి వెళ్లాను. ర్యాంపు దగ్గర నేనెవరితోనో మాట్లాడుతుంటే, సాయం చేద్దామని ఒక కుర్రాడు వెనక నుంచి వచ్చి రెండు లివర్లూ తిప్పేశాడు. కుర్చీ దానంతటదే వెనక్కి వెళ్లి పూలకుండీల వరసకి గుద్దుకుంది. నవ్వుతూ ఏం కాలేదన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చెప్పులు విప్పితే కుడికాలి బొటనవేలు గోరు సగం లేచి ఉంది, చెప్పు నిండా రక్తం. స్పర్శ లేదు కాబట్టి నాలుగు గంటలు నాకు తెలియనే లేదు. మర్నాడే రెండు లివర్లకీ ఎర్ర రంగు వేయించాను, కుర్చీ వెనక పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: ‘నన్ను అడగకుండా కుర్చీని ముట్టుకోవద్దు’. అది చదివి మొహం ముడుచుకున్నవాళ్లున్నారు. తీయలేదు.

ఇక కుర్చీ ఎందుకు ఆగిందంటే, ఎవరి కాలో తగిలి లివర్ కాస్త కదిలి ఉండొచ్చు. చాలా కుర్చీలు అలా కదిలితే ముందుకు పోవు, లైట్లు కొడతాయి. వైరు కనెక్టర్ వదులైనా అంతే. ఈసారి లైట్లు ఎన్నిసార్లు వెలిగి ఆరుతున్నాయో లెక్కపెట్టమనండి. ఆ లెక్కకి అర్థం కుర్చీతో వచ్చిన పుస్తకంలో పట్టికగా ఉంటుంది. ఆ పేజీ బాబు ఫోన్లో ఫొటో తీసి పెట్టండి.

ప్రశ్న: పెళ్లయి వచ్చి మూడు నెలలు. నాకు పవర్ కుర్చీ ఉంది కానీ ఇంటి గడప నాలుగు అంగుళాలు. ప్రతిసారీ ఇద్దరు ఎత్తాల్సి వస్తోంది. గడప తీసేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోదు. ఏం చేయాలె?
— కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చెల్లీ, గడప తీయించకు. అత్తమ్మ మాట కాదనకుండానే దారి ఉంది. ఎత్తు ఎంతో, పొడవు దానికి పన్నెండింతలు ఉండాలన్నది ర్యాంపు లెక్క. నాలుగు అంగుళాలకి నాలుగు అడుగులు. లోపలి వైపు నేల చాలా ఇళ్లలో ఎత్తుగా ఉంటుంది, అటు తక్కువ పొడవే పట్టొచ్చు, కొలిచి చూడు. వడ్రంగితో గట్టి ప్లైవుడ్ ర్యాంపులు రెండు చేయించు. కింద అడ్డకర్రలు దగ్గర దగ్గరగా, పైన జారకుండా రబ్బరు మ్యాట్, రెండంచులకీ చక్రం పక్కకి దిగిపోకుండా కాస్త ఎత్తు పట్టీ. నువ్వు ఎక్కే ముందు ఇద్దరు మగవాళ్లని దాని మీద నిలబెట్టి చూడు. తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే వెడల్పు కూడా కొలువు, ద్వారబంధం కొలత కాదు.

మా ఇంట్లోనూ గడప అలాగే ఉంది. శుక్రవారం పొద్దున అమ్మ ర్యాంపు చెక్క పక్కకి జరిపి, గడప కడిగి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆరాక మళ్లీ చెక్క వేస్తుంది. ముగ్గు మాత్రం వాకిలికి ఎడమ పక్కకి మారింది. మొదటి రోజుల్లో తడి ముగ్గు టైరు గాళ్లలో ఇరుక్కుని హాలంతా తెల్లటి జంట గీతలు పడేవి. ఇప్పుడు గుమ్మం దగ్గర పాత తువ్వాలు ఒకటి పరిచి ఉంటుంది, దాని మీద రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిరిగాకే లోపలికి వస్తాను. ఆ చెక్క చేయించేటప్పుడు అత్తమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఎత్తేదీ వేసేదీ తనే అవుతుంది కాబట్టి, బరువు తనకి తేలిగ్గా ఉండాలి.

ప్రశ్న: కుర్చీ ఎడమకి లాగుతోంది. జాయ్‌స్టిక్ మార్చాలంటున్నారు.
— హనుమకొండ

జవాబు: ముందు చిన్న చక్రాలు చూడండి. ఇరుసు చుట్టూ జుట్టు, చీరపోగులు చుట్టుకుని చక్రం బిగుసుకుంటుంది. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ దొరికేది మల్లెపూల దండల దారం. స్విచ్ ఆపి, చిన్న కత్తెరతో కోసి, క్రోషియా సూదితో లాగేయండి. నేను ప్రతి ఆదివారం చేయిస్తాను. తర్వాత రెండు టైర్ల గాలీ సమానంగా ఉందేమో చూడండి. అప్పటికీ లాగితే అప్పుడు మోటారూ జాయ్‌స్టిక్కూ.

ప్రశ్న: డాలస్‌లో అమ్మాయి దగ్గరికి మూడు నెలలు వెళ్తున్నాను. వయసు 68, చిన్నప్పటి పోలియో. కుర్చీ తీసుకెళ్లొచ్చా?
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబాయిగారూ, తప్పకుండా తీసుకెళ్లండి. టికెట్ కొన్నప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పి, బ్యాటరీ ఏ రకమో, కుర్చీ బరువూ కొలతలూ రాతపూర్వకంగా ఇవ్వండి. జెల్ రకమైతే సాధారణంగా కుర్చీలోనే ఉంచనిస్తారు. ఊడదీసే లిథియం అయితే అది మీతోనే కేబిన్‌లోకి రావాలి, 300 వాట్ అవర్లు దాటకూడదు. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే ఆ లెక్క వస్తుంది: 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అయితే 240, సరిపోయింది. అదే 20 అయితే 480, కుదరదు.

ఛార్జర్ వెనక అక్షరాలు భూతద్దం పెట్టయినా చదవండి. అమెరికాలో ఇళ్లలో వచ్చేది 120 వోల్టులు. 100 నుంచి 240 అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 220 మాత్రమే అని ఉంటే అక్కడ పనిచేయదు, ఇక్కడే వేరేది కొనుక్కుని వెళ్లండి.

కూర్చునే కుషన్‌ని సామాన్లలోకి పోనివ్వకండి, మీ చేతిలోనే ఉంచుకోండి. విమానం సీటు మీద వేసుకుని, మధ్యమధ్యలో అటూ ఇటూ ఒరిగి బరువు మారుస్తూ ఉండండి, అన్ని గంటలు ఒకే చోట కూర్చుంటే పుండు పడడానికి ఎంతోసేపు పట్టదు. జాయ్‌స్టిక్‌ని మెత్తటి గుడ్డతో చుట్టి కట్టండి. లివర్ ఎలా తిప్పాలో బొమ్మ గీసి ఇంగ్లీషులో రాసి సీటుకి అంటించండి. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, దిగాక ఎయిర్‌పోర్టులోనే కుర్చీలో కూర్చుని నాలుగడుగులు నడిపి చూడండి. ఏదైనా విరిగి ఉంటే అక్కడే ఫిర్యాదు రాయించి, కాపీ చేతికి వచ్చాకే అమ్మాయి కారెక్కండి.