తీసేస్తే ఎవర్ని దింపుతారు? షార్లెట్‌లో ఉన్న మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ న్యూజెర్సీలో అందరం కులాసా. నిన్ను అడిగానని చెప్పమంది మీ అత్తయ్య.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ పాంథర్స్ ఓడిన ప్రతి సోమవారం మీ ఆఫీసులో దాని క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాసులు విసిరేవాడు) బ్రైస్ యంగ్ మీద పంచాయితీ మొదలవుతుందట. వాణ్ని పీకేసి ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని దింపాలని కొందరు, ఇంకా టైమివ్వాలని కొందరు. నువ్వు ఏ పక్షాన మాట్లాడినా కాసేపట్లోనే నీ నోరు మూయించేస్తున్నారని వాపోయావు. ముప్ఫై ఏళ్లుగా మా న్యూయార్క్ జెయింట్స్ టీముని భరిస్తున్నవాణ్ని, ఈ వాదనలో నలిగిన అనుభవం నాకు కావలసినంత ఉంది. అందుకే ఫోన్లో చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు ఇంకా క్రికెట్ లెక్కలోనే ఆలోచిస్తున్నావు. ఫామ్‌లో లేని ఓపెనర్ తొందరగా ఔటైతే తర్వాత వచ్చేవాళ్లు సర్దుకుంటారు. రెండు మ్యాచులు కూర్చోబెట్టి మళ్లీ తెచ్చుకున్నా కొంపేమీ మునగదు. ఇక్కడ అలా కుదరదు. అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న పక్షం) ఆడే దాదాపు ప్రతి ప్లే, అంటే ప్రతి ఎత్తు, క్వార్టర్‌బ్యాక్ చేతిమీదుగా పోవాల్సిందే. వారం మధ్యలో ప్రాక్టీసు స్నాపులు (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) కూడా ఎక్కువ భాగం స్టార్టర్‌కే, అంటే మ్యాచ్ మొదట్లో దిగేవాడికే దక్కుతాయి, బ్యాకప్‌కి మిగిలేవి తక్కువ. కాబట్టి మనిషిని మార్చావంటే ప్లేలూ మారతాయి, పాసులు అందుకునే రిసీవర్లు బంతికోసం చూసే టైమింగూ మారుతుంది.

అందుకని 'వాడు ఎంత ఘోరంగా ఆడుతున్నాడో చూడు' అనే దగ్గర మాట మొదలుపెట్టకు. అక్కడ అవతలివాడి దగ్గర నీకంటే ఎక్కువ నంబర్లుంటాయి. 'సరే, తీసేద్దాం. ఎవర్ని దింపుదాం? దేనికోసం దింపుదాం?' అని అడుగు. సగం మంది అక్కడే నీళ్లు నములుతారు.

2017లో బఫెలో బిల్స్ చేసింది చెబుతాను. ఐదు గెలిచి నాలుగు ఓడి, ప్లేఆఫ్స్ ఆశలు బతికే ఉన్న టీమ్ అది. టైరాడ్ టేలర్ బంతి జాగ్రత్తగా ఆడతాడు, కానీ చూడ్డానికి చప్పగా ఉంటాడు. కోచ్‌కి విసుగొచ్చి నేథన్ పీటర్‌మన్ అనే రూకీని, అంటే మొదటి ఏడాది కుర్రాణ్ని దింపాడు. ఛార్జర్స్ మీద ఆ పిల్లాడు మొదటి సగంలోనే 5 ఇంటర్సెప్షన్లు (అవతలివాళ్ల చేతుల్లో పడే పాసులు) విసిరాడు. 54-24తో చిత్తుగా ఓడారు. మర్నాటి వారం టేలర్‌నే బతిమాలుకున్నట్టు వెనక్కి తెచ్చుకున్నారు. అదే టేలర్‌తో ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, 1999 సీజన్ తర్వాత మొదటిసారి. అవతలి పక్షానికీ ఉదాహరణ ఉంది, దాన్ని దాచకు. 2019లో టెనెసీ టైటన్స్ రెండు గెలిచి నాలుగు ఓడాక క్వార్టర్‌బ్యాక్ మారియోటాని తీసి ర్యాన్ టానహిల్‌ని పెట్టారు. మిగిలిన 10 మ్యాచుల్లో 7 గెలిచి ఏఎఫ్‌సీ (లీగ్‌లో ఒక సగం) ఫైనల్ దాకా పోయారు. అక్కడ బెంచి మీంచి దిగినవాడు ఏళ్లపాటు స్టార్టర్‌గా ఆడొచ్చినవాడు, పీటర్‌మన్‌లాంటి పచ్చి రూకీ కాదు.

ఇక మా జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఈలై మ్యానింగ్ సంగతి. ఇది కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకు.

2007 నవంబరులో మిన్నెసోటా వైకింగ్స్ మా సొంత స్టేడియంలోనే మమ్మల్ని 41-17తో బాదారు. ఈలై 4 ఇంటర్సెప్షన్లు ఇచ్చాడు. అందులో 3 నేరుగా మా చివరి గీత దాటించి టచ్‌డౌన్లు చేశారు. ఆ రాత్రి మావాళ్లలో వీడు పనికిరాడు అననివాడు లేడు. సరిగ్గా పది వారాలకి, 2008 ఫిబ్రవరి 3న, లీగ్ ఫైనలైన సూపర్‌బౌల్‌లో అప్పటిదాకా 18 ఆడి 18 గెలిచిన పేట్రియట్స్‌తో అదే మనిషి ఆడాడు. ఆఖరి నిమిషాల్లో 14-10తో వెనకబడి ఉన్నాం. ఇద్దరు డిఫెండర్లు జెర్సీ పట్టుకుని లాగుతున్నారు. సాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) అయిపోయిందనుకున్నాం. ఎలా జారాడో జారి, వెనక్కి పరిగెత్తి, మైదానం మధ్యలోకి బంతి ఎత్తి విసిరాడు. డేవిడ్ టైరీ గాల్లోకి ఎగిరి బంతిని ఒంటిచేత్తో హెల్మెట్‌కి అదిమిపెట్టి కింద పడ్డాడు. 32 గజాలు! కాసేపటికే, ఇంకా 35 సెకన్లుండగా ప్లాక్సికో బరెస్‌కి టచ్‌డౌన్. 17-14.

దీన్నిబట్టి 'ఓపిక పడితే అందరూ బాగుపడతారు' అని వాదించకు, నవ్వుతారు. ఆ ఏడాది మా డిఫెన్స్ బ్రహ్మాండంగా ఉంది. ఈలై తప్పులు చేసినా టీమ్ మునిగిపోకుండా ఆగింది. ఒక క్వార్టర్‌బ్యాక్‌కి ఎంతకాలం టైమివ్వొచ్చు అన్నది వాడొక్కడి మీద కాదు, చుట్టూ ఉన్న టీమ్ ఎన్ని తప్పులు మోయగలదన్న దానిమీద కూడా ఆధారపడుతుంది.

పదేళ్ల తర్వాత కథ తిరగబడింది. 2017లో మావాళ్లు రెండు గెలిచి తొమ్మిది ఓడారు. మా రిసీవర్ బెక్‌హామ్ చీలమండ విరిగి అక్టోబరులోనే సీజన్‌కి దూరమయ్యాడు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో ఎడమవైపు గోడ ఉందో లేదో తెలిసేది కాదు. అప్పుడు కోచ్ బెన్ మెకడూ, ఈలైని తీసేసి జీనో స్మిత్‌ని ఆడిస్తామన్నాడు. అప్పటికి ఈలై వరసగా 210 రెగ్యులర్ సీజన్ మ్యాచులు స్టార్ట్ చేశాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో బ్రెట్ ఫార్వ్ తర్వాత అప్పటికి అదే పెద్ద వరస. 'ఆ రికార్డు తెగకుండా మొదట నువ్వే దిగు, తర్వాత మారుస్తాం' అని ఆశ పెట్టారు. అలాంటి స్టార్ట్ నాకక్కర్లేదన్నాడు. లాకర్ ముందు నిలబడి మాట్లాడుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డిసెంబరు 3న ఓక్లండ్‌లో 24-17తో ఓడారు. మర్నాడే కోచ్‌నీ, జనరల్ మేనేజర్‌నీ ఇద్దర్నీ ఇంటికి పంపారు. తర్వాతి మ్యాచ్‌కి ఈలై మళ్లీ స్టార్టర్.

ఊరంతా మెకడూని తిట్టింది కదా, అందుకని అతను చేసింది తప్పే అని తేల్చెయ్యకు. రెండు-తొమ్మిది మీద ఉన్న టీమ్, 36 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్, తర్వాత ఎవరు అని వెతుక్కోవడం న్యాయమే. అసలు లోపం ఇంకోచోట ఉంది. భవిష్యత్తు కోసం అన్నారు. మరి ఆ ఏడాదే డ్రాఫ్ట్ (టీములు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం) మూడో రౌండులో తీసుకున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ డేవిస్ వెబ్ బెంచి మీదున్నాడు కదా? వాడికి ఆ సీజన్ మొత్తంలో ఒక్క స్నాప్ దక్కలేదు. దింపింది అప్పటికే జెట్స్‌లో ఆడి వచ్చిన జీనోని. చెప్పిన కారణానికీ, చేసిన పనికీ పొంతన లేదు. నీ వాదనలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. టీమ్ చెప్పే కారణం విను, తర్వాత ఎవర్ని దింపారో చూడు. రెండూ కలవకపోతే తీగ లాగు.

ఆ గొడవ తర్వాత మావాళ్లు రెండో పొరపాటు చేశారనే నేనంటాను. అయ్యో, పెద్దమనిషిని అవమానించామే అన్న బెంగతో 2018 డ్రాఫ్ట్‌లో రెండో నంబరు చేతిలో ఉన్నా కొత్త క్వార్టర్‌బ్యాక్ జోలికి పోకుండా బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీని తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు జాష్ అలెన్ ఏడో నంబరులో, లమార్ జాక్సన్ ముప్ఫైరెండో నంబరులో పోయారు. మేము ఆ ఏడాది ఐదు గెలిచి పదకొండు ఓడాం. (ఆ బార్క్లీ కూడా చివరికి ఈగల్స్‌కి వెళ్లి, 2024లో 2,005 గజాలు పరిగెత్తి, వాళ్లకి సూపర్‌బౌల్ తెచ్చిపెట్టాడు. ఈగల్స్! ఇక్కడితో ఆపుతాను, బీపీ పెరుగుతుంది.) గౌరవం ఇవ్వాలి, కాదనను. స్టార్టర్ కుర్చీ మాత్రం సన్మానం కింద ఇచ్చేది కాదు.

ఇక మ్యాచ్ చూడటం గురించి. నువ్వు బంతి వెంట చూస్తున్నావు, అందరూ అంతే. రీప్లేలో ఒక్కసారి బంతిని వదిలేసి పాకెట్, అంటే క్వార్టర్‌బ్యాక్ చుట్టూ లైన్ కాపాడే చోటు చూడు. స్నాప్ అయిన దగ్గర్నుంచి మనసులో ఒకటి, రెండు, మూడు అనుకో. రెండు దాటకముందే లైన్‌లో ఎడమవైపు కాసే లెఫ్ట్ టాకిల్‌ని దాటుకుని ఎవడో వచ్చేస్తే అది లైన్ బాధ. మూడు దాటినా బంతి చేతిలోనే ఉండి, కాళ్లు తడబడుతూ, కళ్లు ఒకే రిసీవర్ మీద అతుక్కుపోయి ఉంటే అది క్వార్టర్‌బ్యాక్ బాధే. ఇంటర్సెప్షన్ అయినప్పుడు రిసీవర్ని చూడు. బంతి వాడి చేతులకి తగిలి పైకి లేచిందా, వాడు లోపలికి తిరిగితే బంతి బయటికి పోయిందా? రెండోదైతే తప్పెవరిదో టీవీలో మనకి తెలియదు, ఒట్టేసి చెప్పకు. కుర్రాళ్ల విషయంలో నేను చూసేది ఒకటే: పాత తప్పే మళ్లీ చేస్తున్నాడా, కొత్త తప్పులు చేస్తున్నాడా? జాష్ అలెన్ మొదటి ఏడాది వందకి 53 పాసులు కూడా పూర్తిచెయ్యలేదు. రెండో ఏట 59 దగ్గరికి వచ్చాడు. మూడో ఏట స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ని తెచ్చిపెడితే 69కి ఎక్కాడు.

నంబర్లు వాడు, తప్పులేదు. కానీ పాసర్ రేటింగ్ (పాసులకి వేసే మార్కు) చదివి పొంగిపోకు. అందులో సాక్‌లు లేవు, ఫంబుల్స్ (బంతి చేజార్చడం) లేవు, పరిగెత్తి తెచ్చిన గజాలూ లేవు. గెలుపు ఓటములు క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో రాసే అలవాటు ఇక్కడ బాగా ఉంది, దాన్ని అసలు నమ్మకు.

డబ్బు సంగతి మాత్రం తప్పకుండా కనుక్కో. 2023 చివర్లో డెన్వర్ బ్రాంకోస్ రసెల్ విల్సన్‌ని రెండు మ్యాచులుండగా కూర్చోబెట్టారు. ఆ సీజన్‌లో అతనివి 26 టచ్‌డౌన్లు, 8 ఇంటర్సెప్షన్లు. మరీ తీసిపారేసే లెక్క కాదు. ఆట నచ్చలేదని కోచ్ అన్నాడు, అదీ కొంత నిజం కావచ్చు. కానీ గాయమైతే 37 మిలియన్ డాలర్లు గ్యారంటీగా కట్టాల్సిన షరతు కాంట్రాక్టులో ఉంది. మైదానంలో లేనివాడికి దెబ్బ తగలదు కదా! 2024లో మా డేనియల్ జోన్స్‌ని తీసేసినప్పుడూ ఇదే, అక్కడ 23 మిలియన్లు. నాలుగు రోజుల్లో టీమ్ నుంచే పంపించేశారు. మమ్మల్ని వదిలి పోయినవాడు 2025లో కోల్ట్స్‌తో మొదటి పది మ్యాచుల్లో ఎనిమిది గెలిచాడు, అది వేరే కడుపుమంట.

మనవాళ్లు తెలియక నోరు జారే చోటు ఒకటుంది, అక్కడ జాగ్రత్త. 'వీడికి కాళ్లున్నాయి గానీ బుర్ర లేదు' అని నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ గురించి సరదాగా కూడా అనకు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌లుగా ఆడినవాళ్లని అచ్చంగా ఇదే మాట చెప్పి రిసీవర్లుగా, డిఫెన్స్‌లోకి మార్చేసిన చరిత్ర ఈ లీగ్‌ది. డగ్ విలియమ్స్ సూపర్‌బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యేసరికి 1988 వచ్చింది. 32 టీముల్లో అందరికంటే చివర నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌తో మ్యాచ్ స్టార్ట్ చేసింది మా జెయింట్సే, ఆ ఓక్లండ్ మ్యాచ్‌లో, జీనో స్మిత్‌తో. ఈలై మీద జాలితో మేమెవ్వరం ఆ రోజు జీనో వైపు సరిగ్గా చూడనైనా లేదు. 2022లో సియాటిల్‌లో అదే జీనో 'కమ్‌బ్యాక్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్' అయ్యాడు. మీ యంగ్ గురించి మాట్లాడేటప్పుడు ఆట గురించే మాట్లాడు: ఆలస్యంగా విసిరాడా, పొట్టిగా విసిరాడా, వెనక కాసే డిఫెండర్ సేఫ్టీని చూడలేదా. అంతవరకే.

ఎవరితో వాదించకూడదో కూడా చెబుతాను. మీ నార్త్ కరోలినాలో 2024 మార్చి నుంచి ఫోన్లోనే పందేలు కడుతున్నారు. ఆదివారం డబ్బులు పోగొట్టుకున్నవాడు సోమవారం విశ్లేషణ చెయ్యడు, ఏడుస్తాడు. వాడికి కాఫీ ఇప్పించు చాలు. ఫ్యాంటసీ టీములో పాయింట్లు రాలేదని అరిచేవాడూ అదే బాపతు. తాతల కాలంనుంచి ఒక టీముని మోస్తున్న ముసలాయన ఎవరైనా ఉంటే మాత్రం ఆయన పక్కన కూర్చో. తిట్టినా విను. నీకు ఆట నేర్పేది ఆయనే.

ఇంతకీ యంగ్ మీద నా మాటేమిటని అడిగావు. అతనికోసం పాంథర్స్ డీజే మూర్‌నీ, ఇంకా నాలుగు డ్రాఫ్ట్ పిక్కులనీ షికాగోకి ఇచ్చుకున్నారు. ఉన్న మంచి రిసీవర్ని అమ్మి పిల్లాణ్ని తెచ్చుకుని, మొదటి ఏడాది 62 సార్లు సాక్ చేయించి, మధ్యలో కోచ్‌ని పీకేశారు. రెండో ఏడాది రెండు మ్యాచులకే కూర్చోబెట్టారు. బదులు దిగిన యాండీ డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగలకపోతే ఎప్పుడు మళ్లీ దిగేవాడో. దిగాక మాత్రం ముందుకంటే ధైర్యంగా విసిరాడు. 2025లో ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడిన లెక్కతోనే అయినా డివిజన్ గెలిపించాడు. బెంచి మీద అతనికంటే మెరుగైనవాడి పేరు మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోతే, స్టార్టర్ అతనే. నేనైతే ఆ మాటకి కట్టుబడి ఉంటాను.

స్టార్ట్ చేయించడం వేరు, పెద్ద కాంట్రాక్టు రాసివ్వడం వేరు. అక్కడ నేను యంగ్ పక్షాన ఉండను. ఒక్క మంచి సీజన్ చూసి మావాళ్లు 2023 మార్చిలో జోన్స్‌కి నాలుగేళ్లకి 160 మిలియన్లు రాసిచ్చారు, రెండేళ్లు తిరక్కుండానే తీసేశారు. వచ్చే సోమవారం మీవాళ్లని ఈ ప్రశ్న అడుగు: వాణ్ని ఆడించాలా వద్దా అన్నది సరే, వాడికి ఎంతవరకు ఇస్తారు? ఎవరెవరు మాట మార్చారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య