ట్రౌట్ చేపల కోసం దోమలాంటి ఎరను ఎలా కడతారు?

అమెరికాలో ట్రౌట్ పట్టేవాళ్ళు వెంట్రుకలు, ఈకలతో దోమలా చేసే, నీటిపై తేలే ఈ నకిలీ ఎరను 14 నుంచి 18 సైజు కొక్కేనికి కడతారు. అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది.

అసలు పనితనమంతా ఒంటి చారల్లోనే ఉంది. మూస్ జింక మెడ వెంట్రుకలు రెండు తీసుకోండి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెంటినీ తోక దగ్గర నల్లదారంతో బిగించి, పక్కపక్కనే ఉండేలా కొక్కెం కాడకు కలిపి చుట్టాలి. ఒకదానిమీద ఒకటి ఎక్కితే చారలు చెదిరిపోతాయి. ఈ వెంట్రుక పెళుసు. ముందు తడిపితే విరగదు, చుట్టాక పల్చగా వార్నిష్ రాస్తే చేప పళ్ళకు తొందరగా తెగదు. తోక, రెక్కలు, కాళ్ళు అన్నీ నలుపు తెలుపు చారల కోడిపుంజు ఈకలతోనే.

ఇంకో మాట. దోమలు పెరిగేది నిలవ నీటిలో. పారే వాగులో ట్రౌట్ దీన్ని చాలాసార్లు మిడ్జ్ అనే, దోమలా ఉండి కుట్టని చిన్న పురుగనుకునే మింగుతుంది. అందుకే వాగుకైతే 18 సైజే కట్టమంటాను.