పాత బొమ్మలు, వీడియో క్యాసెట్లు సేకరించాలంటే హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

"చిన్నప్పటి బొమ్మలు, వీడియో గేమ్ క్యాసెట్లు, వీడియో లైబ్రరీలో కిరాయికి తెచ్చుకున్న సినిమా క్యాసెట్లు ఇప్పుడు సేకరించాలనుంది. హైదరాబాద్‌లో దొరుకుతాయా? వాటికేమైనా విలువ ఉంటుందా?" అని అడిగారు. దొరుకుతాయి. విలువ కూడా ఉంటుంది, కానీ చాలామంది అనుకునే వాటికి కాదు. చిక్కడపల్లిలో పుట్టి పెరిగి, ఏళ్ల తరబడి ఇవి పోగుచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: అంగడికి పోయే ముందు మీ ఇంటి అటక ఎక్కండి. డబ్బు పెడితే దొరికేవి రేపైనా దొరుకుతాయి. ఎంత పెట్టినా దొరకనివి మన ట్రంకు పెట్టెల్లో, మేనత్తగారింటి బీరువా పైన ఉన్నాయి. అవి మనం చూడకుండానే పాడైపోతున్నాయి.

ముందు వీడియో క్యాసెట్ల గురించే చెబుతాను. అన్నిట్లోకీ వాటికే టైం తక్కువ.

మా చిన్నప్పుడు వీసీఆర్ ఉన్న ఇల్లు గల్లీకి ఒకటో రెండో. దుబాయ్ నుంచో జెద్దా నుంచో సెలవు మీద వచ్చినవాళ్లు తెచ్చినవే ఎక్కువ. మిగతావాళ్లకి కిరాయే దిక్కు. డిపాజిట్ కట్టి మెంబరైతే క్యాసెట్ ఇచ్చేవారు. మిషన్ కూడా లేనివాళ్లకు కలర్ టీవీ, వీసీఆర్, సినిమాలు అన్నీ కలిపి ఒక రాత్రికి ఇచ్చేవారు. షాపు కుర్రాడు స్కూటర్ ముందు భాగంలో మిషన్ పెట్టుకుని వచ్చి, వైర్లు కలిపి, బొమ్మ గీతలు గీతలుగా వస్తే మూత తీసి, టేపుని చదివే హెడ్ తుడిచి పోయేవాడు. తెల్లారగానే వచ్చి పట్టుకుపోతాడు కదా, అందుకే ఆఖరి సినిమా అయ్యేదాకా ఎవరికీ నిద్ర పట్టేది కాదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ మా ముందుగదిలోనే ఉండేవారు. పెద్దవాళ్లు మంచాల మీద, పిల్లలం చాప మీద. రీవైండ్ చేయకుండా తిరిగిస్తే ఫైన్ వేసేవారు కాబట్టి ఆ డ్యూటీ ఇంట్లో ఒకరికి తప్పనిసరి.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత కేబుల్ గల్లీ గల్లీకి పాకింది. ఆపరేటర్ ఒక గదిలో వీసీఆర్ పెట్టి సినిమా వేస్తే వీధి మొత్తం చూసేది. ఆ వెనకే వీసీడీలు వచ్చాయి. లైబ్రరీలు ఒక్కొక్కటే మూతపడి, క్యాసెట్లన్నీ పాత సామాను వాళ్ల చేతికి పోయాయి. అవే ఇప్పటికీ ఆదివారం ఎర్రగడ్డ అంగట్లో, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో బయటపడుతుంటాయి.

అవి సినిమా కోసం కొనకండి. ఆ సినిమా ఇంతకంటే మంచి ప్రింటు ఇంకోచోట దొరుకుతుంది. నేను చూసేది సినిమాకి ముందు వచ్చే ప్రకటనలు, నడుమ బొమ్మ కింద పాకుతూ పోయే అగరబత్తీల, బట్టల షాపుల అక్షరాలు, డబ్బా మీది లైబ్రరీ స్టిక్కర్. ఆ స్టిక్కర్ మీద ఫోన్ నంబర్ ఉంటే క్యాసెట్ ఏ కాలానిదో సుమారుగా తెలిసిపోతుంది. మన ఊళ్లో నంబర్లు మొదట ఆరంకెలు, తర్వాత ఏడు, ఆ తర్వాత ఎనిమిది అయ్యాయి. అడ్రసులో "ఫలానా టాకీసు ఎదురుగా" అని రాసి ఉంటుంది, వెళ్లి చూస్తే అక్కడ టాకీసు స్థానంలో కాంప్లెక్స్ కనిపిస్తుంది. నగరం ఎలా ఉండేదో ఆ స్టిక్కర్లు చెప్పినంత సూటిగా నాకు ఇంకేదీ చెప్పలేదు. అందుకే సినిమా పాడైపోయిన క్యాసెట్‌కి కూడా స్టిక్కర్ బాగుంటే తీసుకుంటాను.

వాటికన్నా ముఖ్యమైనవి ఇంట్లో తీయించుకున్నవి: పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్. అలాంటిది దొరికితే ఆత్రంగా ప్లేయర్‌లో తోసేయకండి. ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లగా పొడిలా, చుక్కల్లా కనిపిస్తే అది బూజు. అది హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. మనది తీరప్రాంతమంత తేమ ఉన్న ఊరు కాకపోయినా, వానాకాలంలో గోడ చెమ్మెక్కే అటక మీద పెట్టినవాటికి బూజు పట్టకుండా ఉండదు. బూజు పట్టినదాన్ని పని తెలిసినవాళ్లతోనే శుభ్రం చేయించాలి.

మా పిన్ని పెళ్లి క్యాసెట్‌కి బూజు లేదు గానీ, ముందు ఉండే ఫ్లాప్ విరిగి, టేపు మడతపడి ఒకచోట తెగింది. దాన్ని మా మామయ్యా నేనూ కలిసి బాగుచేశాం. డబ్బా అడుగున ఐదు స్క్రూలుంటాయి. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, స్క్రూలు తీసి, క్యాసెట్‌ని వెల్లకిలా తిప్పి పై మూత నెమ్మదిగా ఎత్తాలి. లోపల చిన్న చిన్న రోలర్లు, స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఏది కదలకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. టేపుని వేళ్లతో తాకకూడదు, చేతి జిడ్డు మచ్చ అక్కడే ఉండిపోతుంది. నలిగిపోయిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ సమంగా ఆనించి, హెడ్‌కి తగలని వైపు, తెగిన టేపు అతకడానికే ఉండే స్ప్లైసింగ్ టేప్ అంటించాం. మామూలు సెలో టేప్ వాడితే దాని జిగురు కారి మిషన్‌నే పాడుచేస్తుంది. తర్వాత రెండు చక్రాలనీ ఎత్తి, ఎర్రగడ్డలో కొన్న ఒక పాత సినిమా క్యాసెట్ డబ్బాలోకి మార్చాం.

బొమ్మ వచ్చింది. హృదయం ఆకారంలో పెళ్లికొడుకు, పూలరేకుల్లోంచి తిరుగుతూ పెళ్లికూతురు, వెనకాల సినిమా పాట, ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే అదే. కానీ భోజనాల దగ్గర పాట ఆపేసి అసలు శబ్దం వదిలేశాడు కెమెరా ఆయన. "ఆ పంక్తిలో పప్పు రాలేదురా, చూడు" అని మా అమ్మమ్మ గొంతు. ఆవిడ గొంతు ఇంకెక్కడా రికార్డయి లేదు. పిన్ని ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ వేయించుకుంది. ప్రపంచంలో ఏ సంత తిరిగినా దీన్ని కొనలేం కదా. అందుకే మీకు మొదట అటక ఎక్కమన్నాను.

కంప్యూటర్‌లోకి మార్పించేటప్పుడు షాపువాళ్లని రెండు విషయాలు అడగండి. ఒరిజినల్ క్యాసెట్ తిరిగి ఇస్తారా? ఫైల్‌ని మరీ కుదించకుండా ఇస్తారా? కొందరు జాగా కలిసొస్తుందని అంతా పిండేసి ఇస్తారు, మొహాలు అలుక్కుపోతాయి. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన క్యాసెట్ అయితే అది అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంటుంది, మన టీవీ పద్ధతి పాల్. రెండూ ఆడే మల్టీ సిస్టమ్ మిషన్ కావాలి, గల్ఫ్ నుంచి వచ్చిన పాత వీసీఆర్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉంది. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు నడుస్తున్న మిషన్లు నడిచినన్నాళ్లే. ఈ పని వాయిదా వేయొద్దని అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక బొమ్మలు. వీటిలో బయటి దేశాలవాళ్లు వెతికి మరీ కొనేవి కొన్ని మన దేశంలో తయారైనవే. 1987లో ఎంఆర్ఎఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ ఇక్కడ తయారుచేసిన జీఐ జో సైనికుల రంగులు అమెరికా బొమ్మల్లో కనిపించవు. అలాగే లియో మాటెల్ పేరుతో వచ్చిన హాట్ వీల్స్ కార్లు. కారు తిరగేసి అడుగున ఏం రాసుందో చదవడం అలవాటు చేసుకోండి. డబ్బా ఉంటే దాని మీద తయారైన నెల, సంవత్సరం, ధర కూడా చూడండి. కుస్తీ వీరుల ట్రంప్ కార్డుల మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అని ఉంటే అవి పాత పేరుతో వచ్చినవి, 2002లో ఆ సంస్థ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ చూసి ఆడే ఆ కార్డులు మా స్కూల్లో రీసెస్ అంతా నడిచేవి. మూలలు అరిగిపోయి, వెనకాల ఎవరి పేరో బాల్‌పెన్‌తో రాసున్న సెట్టు దొరికితే నాకు సీల్ తీయని సెట్టుకంటే అదే ఇష్టం. అమ్ముకునే ఉద్దేశం ఉంటే మాత్రం మీరు సీల్ ఉన్నదే చూసుకోవాలి.

వీడియో గేముల్లో మన ఇళ్లకు వచ్చినవి ఎక్కువగా 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్ అనే గేమ్ మిషన్‌కి నకళ్లు. మెనూలో వేలకొద్దీ గేములని ఉంటుంది, అన్నీ ఆ కొన్నే తిప్పి తిప్పి ఇచ్చినవి. క్యాసెట్ పెడితే స్క్రీన్ మీద రంగుల చెత్త వస్తుంది, తీసి నోటితో ఊది మళ్లీ పెడతాం. ఇప్పుడు ఆ పని చేయకండి, నోటి తడి వల్ల లోపలి రాగి పట్టీలు తుప్పు పడతాయి. దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిస్తే చాలు. అడాప్టర్ కొత్తది కొనేటప్పుడు వోల్టేజీతోపాటు ప్లస్, మైనస్ ఎటున్నాయో కూడా సరిచూసుకోండి. గేములో బాతుల్ని కాల్చే తుపాకీ ఇప్పటి ఎల్ఈడీ టీవీ మీద పనిచేయదు. అది పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో బొమ్మ గీత గీతగా ఏర్పడే వేగాన్ని కనిపెట్టి పనిచేస్తుంది. "తుపాకీ చెడిపోయింది" అని చవగ్గా ఇచ్చేస్తుంటారు, చాలాసార్లు అందులో ఏ లోపమూ ఉండదు. ఇంట్లో ఈసీ టీవీ, సాలిడేర్ లాంటి పాత టీవీ ఏదైనా నడుస్తుంటే పాత సామాను వాళ్లకి వేయకండి. ఈసీ టీవీ మన ఊళ్లోనే, ఈసీఐఎల్‌లో తయారైంది.

నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో అమ్మే రేకు పడవ గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్‌లో స్టాల్ వాడు బేసిన్‌లో నీళ్లు పోసి నాలుగైదు పడవలు తిప్పుతుంటాడు. అడుగున రెండు సన్న గొట్టాలుంటాయి, వాటిలోకి నీళ్లు నింపాలి. లోపల చిన్న నూనె దీపం వెలిగిస్తే, దాని పైనున్న పలుచని రేకు డబ్బాలో నీళ్లు ఆవిరై గొట్టాల్లోంచి నీటిని వెనక్కి తోస్తుంది. ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి లాక్కుంటుంది. రేకు లోపలికీ బయటికీ కొట్టుకోవడం వల్లే టుక్‌టుక్‌మని చప్పుడు. సెల్ లేదు, మోటార్ లేదు. ఇవి ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి కాబట్టి ఎవరైనా "యాంటిక్" అని వేలల్లో చెబితే కొనొద్దు. పిల్లలకి కొత్తది కొనిచ్చి, మీరు పక్కనుండి వెలిగించండి.

ఎర్రగడ్డకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కాక మంచివన్నీ ఎవరో ఒకరు ఎత్తుకుపోయి ఉంటారు. మొదటి వారమే బేరానికి దిగకుండా వాళ్లతో మాట కలపండి. మీకేం కావాలో తెలిస్తే "అన్నా, నీ కోసం పక్కన పెట్టిన" అని వాళ్లే పిలుస్తారు. నాకు దొరికిన మంచివన్నీ అలా వచ్చినవే. అదే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల దగ్గర బాలల పత్రికలు, బొమ్మల కథలు చూసుకోవచ్చు. బేగంబజార్‌లో హోల్‌సేల్ కొత్త సరుకే ఎక్కువ, దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

అటక మీద దొరికిన క్యాసెట్ల మీద ఏమీ రాసి లేకపోయినా ఖాళీవని పారేయకండి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. వీసీఆర్ ఉన్న ఇళ్లలో ఉగాది కార్యక్రమాలో, నాటకాలో, వార్తలో ఎవరో ఒకరు రికార్డు చేసి ఉంటారు, వాటిలో మళ్లీ చూసే దారి లేనివి చాలా ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే క్యాసెట్ వెన్నున ఎడమ మూల ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరగ్గొట్టేయండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు. తర్వాత నిలువుగా, స్పీకర్లకు దూరంగా, చెమ్మలేని చోట పెట్టండి. లోపల ఏముందో తెలిశాక వీలైతే ఇక్కడ కూడా రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.