నిలిచిపోయే వీడ్కోలు పాటలు

ప్రశ్న: కొన్ని వీడ్కోలు పాటలు దశాబ్దాలు గడిచినా జనం నోట వినిపిస్తూనే ఉంటాయి. అందుకు కారణమేమిటి?

జవాబు: అన్నీ విడమరచి చెప్పకపోవడమే కారణమని నా అభిప్రాయం. అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1966లో రాసిన ‘లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్’లో, సామాను సర్దుకుని గుమ్మం బయట నిలబడ్డ మనిషి, నిద్రలో ఉన్న ప్రియురాలిని లేపి వెళ్లొస్తానని చెప్పడానికి మనసొప్పక తటపటాయిస్తుంటే, అవతల టాక్సీ హారన్ మోగుతూ ఉంటుంది. అతడు ఏ ఊరికి వెళ్తున్నాడో పాట చెప్పదు కనుక, వినేవారు తమ ఎడబాటునే అందులో చూసుకుంటారు. పీటర్, పాల్ అండ్ మేరీ బృందం గొంతులో అది 1969లో అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1788లో కూర్చిన, వీడ్కోలు వేళల్లో అందరూ కలిసి పాడుకునే ‘ఆల్డ్ లాంగ్ సైన్’ సంగతి వేరు. దాని సాహిత్యం సగం మందికి రాకపోయినా, బాణీ సులువు కాబట్టి అందరూ గొంతు కలుపుతారు.