చలికాలంలో ఎండ కోసం టెనెరీఫ్: ముందు వీసా, తర్వాత బీచ్

ప్రశ్న: మేము లీడ్స్‌కు వచ్చి ఏడాదైంది అక్కా. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నాదీ పాపదీ డిపెండెంట్ వీసాలు. పాపకు ఆరేళ్లు. నాలుగు కాకముందే చీకటి పడుతుంటే మనసంతా దిగులుగా ఉంటోంది. ఈ చలికాలంలో ఒక వారం ఎక్కడైనా ఎండలో గడపాలని ఉంది. ఆఫీసులో అందరూ కానరీ దీవులకు వెళ్లమంటున్నారు. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వెళ్లొచ్చా? ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఉండాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి చెల్లీ. ఎండలో పుట్టి పెరిగినవాళ్లకు ఇక్కడి మొదటి చలికాలాలు నిజంగానే కష్టం. దాన్ని బలహీనత అనుకోవద్దు. కానరీ దీవులు ఆఫ్రికా తీరానికి దగ్గరగా, దాదాపు ఢిల్లీ ఉన్న అక్షాంశం మీదే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూడా పగలు 20, 21 డిగ్రీలు ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో సాయంత్రం దాదాపు ఏడింటి దాకా వెలుతురే. యూకే నుంచి నాలుగు, నాలుగున్నర గంటల ప్రయాణం. గడియారం ముల్లు కూడా మార్చక్కర్లేదు, రెండు చోట్లా ఒకటే టైమ్.

అయితే మీ ఆఫీసువాళ్లు శుక్రవారం అనుకుని శనివారం విమానం ఎక్కగలరు, వాళ్లది బ్రిటిష్ పాస్‌పోర్ట్ కాబట్టి. ఆ దీవులు స్పెయిన్‌వి, అంటే మనకు షెంగెన్ వీసా (స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి. అందుకే మీ ప్లాన్ చవక టికెట్ దగ్గర కాదు, వీసా అపాయింట్‌మెంట్ దగ్గర మొదలవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పే మాటల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పట్టొచ్చు. అసలు ఇబ్బంది అపాయింట్‌మెంట్ దొరకడంలో ఉంది. స్పెయిన్ వీసా సెంటర్లు లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరోల్లో ఉన్నాయి. క్రిస్మస్, ఫిబ్రవరి సెలవుల ముందు స్లాట్లు త్వరగా అయిపోతాయి. ఫిబ్రవరిలో వెళ్లాలంటే అక్టోబర్ నుంచే రోజూ సైట్ చూస్తూ ఉండండి. డబ్బిస్తే స్లాట్ ఇప్పిస్తామని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవాళ్ల జోలికి అసలు పోవద్దు, పాస్‌పోర్ట్ వివరాలు వాళ్ల చేతిలో పెట్టొద్దు.

ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. సర్వీస్ చార్జీ వేరు. వీసా ఇవ్వకపోయినా ఫీజు తిరిగి రాదు. పాస్‌పోర్ట్ గడువు షెంగెన్ నుంచి బయటికొచ్చాక కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మీ యూకే వీసాకు కూడా తిరిగొచ్చాక మూడు నెలలు మిగిలి ఉందో లేదో చూసుకోండి. 30,000 యూరోల వైద్య ఖర్చులకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, మీవారి పేస్లిప్పులు, ఆఫీసు లెటర్, హోటల్ బుకింగ్ జతచేయాలి. హోటల్‌ను ఫ్రీ క్యాన్సలేషన్ ఉన్నదే తీసుకోండి. విమానానికి రిజర్వేషన్ చూపిస్తే చాలు, వీసా చేతికొచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్ కొనొద్దు. ప్యాకేజీ కొంటే అటాల్ రక్షణ ఉంటుందని ఏజెంట్లు చెప్తారు. అది నిజమే, కానీ అది ట్రావెల్ కంపెనీ మూతపడితే పనికొచ్చే రక్షణ. మీకు వీసా రాకపోతే అది ఆదుకోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. యూకే లోపల వీసా ఎక్స్‌టెన్షన్‌కు గానీ ఐఎల్ఆర్‌కు (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ అప్లై చేసి, నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మీకు అలాంటిది పెండింగ్‌లో ఉంటే ఈ ఏడాదికి ఎండ వద్దు, వచ్చే ఏడాది వెళ్దురుగాని. వెళ్లొచ్చిన తేదీలు ఒకచోట రాసిపెట్టుకోండి. రేపు ఐఎల్ఆర్‌కు ఏ పన్నెండు నెలల్లోనైనా 180 రోజులకు మించి బయట ఉండలేదని చూపాల్సింది మీరే. అలాగే ఇప్పుడున్న పాస్‌పోర్ట్ మీ యూకేవీఐ (యూకే వీసాల శాఖ) ఆన్‌లైన్ అకౌంట్‌కు లింక్ అయ్యిందో లేదో బయల్దేరేముందే చూసుకోండి. తిరుగు విమానం దగ్గర ఎయిర్‌లైన్ మీ ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే మీ యూకే వీసా) చూస్తుంది.

అత్తమామలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే, వాళ్లను కూడా తీసుకెళ్లాలనిపించడం సహజం. కానీ వాళ్లు మామూలుగా షెంగెన్ వీసా ఇండియాలోనే తీసుకుని రావాలి.

ఇక తేదీలు. అన్నిటికన్నా చవక జనవరి రెండో వారం, మన సంక్రాంతి రోజులు. కానీ పాప బడి ఉంటుంది. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఐదు రోజులు మాన్పిస్తే తల్లికీ తండ్రికీ చెరో 80 పౌండ్ల జరిమానా పడొచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. డబ్బు సంగతి అటుంచి, ఇప్పుడిప్పుడే స్నేహితులు ఏర్పడుతున్న పిల్లను బడి మాన్పించడం నాకు ఇష్టం లేదు. ఫిబ్రవరి హాఫ్ టర్మ్‌కు (టర్మ్ మధ్యలో వచ్చే బడి సెలవులకు) వెళ్లండి. రేటు ఎక్కువే, కానీ చలికాలంతో విసిగిపోయేది సరిగ్గా అప్పుడే.

దీవుల్లో మొదటిసారికి టెనెరీఫ్ మంచిది. ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి, దక్షిణాన ఉండాలి. ఈశాన్యం నుంచి వచ్చే గాలుల్లోని తేమ మధ్యలో ఉన్న టెయిడే పర్వతాన్ని తాకి ఉత్తరం వైపే మబ్బులా ఆగిపోతుంది. అందుకే ఉత్తరాన ప్వెర్తో దె లా క్రూజ్ పచ్చగా, అందంగా ఉంటుంది, మబ్బు కూడా ఎక్కువే. దక్షిణాన లాస్ క్రిస్టియానోస్, కోస్తా అడెహే పొడిగా, ఎండగా ఉంటాయి. ఫొటోలు చూసి ఉత్తరాన గది తీసుకుని, వారమంతా మబ్బు చూసి వచ్చినవాళ్లున్నారు. విమానాశ్రయాలు కూడా రెండున్నాయి, టికెట్ మీద టెనెరీఫ్ సౌత్ అని ఉందో లేదో చూడండి.

సముద్రం గురించి గట్టిగా చెప్తున్నా. అది అట్లాంటిక్. చలికాలంలో దూరంగా లేచిన అలలు ప్రశాంతంగా కనిపించే రోజున కూడా ఒక్కసారిగా మీద పడతాయి. రాళ్ల మధ్య ఉండే సహజ కొలనులు ఫొటోల్లో ఎంత బాగున్నా పాపతో అక్కడికి వెళ్లొద్దు. అలల్ని ఆపే రాతి కట్టలున్న ప్లాయా దె లాస్ విస్తాస్ లాంటి బీచ్‌కే వెళ్లండి. ఎర్ర జెండా ఉంటే కాళ్లు కూడా తడపొద్దు, పసుపు ఉంటే పాపను నీళ్లకు దూరంగా ఉంచండి, ఆకుపచ్చ ఉన్నప్పుడు కూడా చెయ్యి వదలొద్దు. మనలో చాలామందికి ఈత రాదు కదా. నీళ్లు 19, 20 డిగ్రీలే ఉంటాయి. మన విశాఖ బీచ్ వెచ్చదనం ఆశించకుండా వెళ్తే బాగుంటుంది.

టెయిడే కేబుల్ కార్ 3,555 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. పైన మంచు ఉండొచ్చు, స్వెటర్లు తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు. ఒక్కోసారి సహారా నుంచి ధూళి గాలి వీస్తుంది, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి.

మీ దిగులు గురించి ఇంకొక మాట. వారం ఎండ ఏడాదంతా సరిపోదు. చలికాలంలో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవడం మంచిదని ఎన్‌హెచ్ఎస్ అందరికీ చెబుతుంది, మనలాంటి ఛాయ ఉన్నవాళ్లకైతే ఏడాది పొడవునా. తిరిగొచ్చాక కూడా దిగులు తగ్గకపోతే జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న డాక్టరు) దగ్గరికి వెళ్లి చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తిండికి ఇబ్బంది లేకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, కూరగాయలు అక్కడి సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసం మాత్రం పెట్టెలో పెట్టొద్దు. యూకే నుంచి ఈయూలోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. బయట తినేటప్పుడు ఉప్పునీళ్లలో ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, పక్కన వెల్లుల్లి, ఎర్రమిరపతో నూరిన మోహో తప్పక అడగండి, పాప కూడా తింటుంది. మీరు శాకాహారులైతే కూరగాయల సూప్‌లో కూడా మాంసం ముక్కలు వేస్తారేమో ముందే అడగాలి. ‘సిన్ కార్నే, సిన్ పెస్కాదో’ అంటే మాంసం, చేప వద్దని వాళ్లకు అర్థమవుతుంది.