టిక్కెట్ పెట్టి పాత రాక్ పాట వాయిస్తే అనుమతి ఎవరు తేవాలి?

ప్రశ్న: మేము ఐదుగురం ఉద్యోగాలు చేసుకుంటూనే హైదరాబాద్‌లో హార్డ్ రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. వచ్చే నెల ఒక పబ్‌లో టిక్కెట్ ప్రదర్శన ఉంది. చివరి పాటగా బ్రిటిష్ బ్యాండ్ డీప్ పర్పుల్ వారి ‘స్మోక్ ఆన్ ది వాటర్’ను మా పద్ధతిలో వాయించి, మధ్యలో ఒక చరణం తెలుగులో పాడాలనుకుంటున్నాం. వీడియో యూట్యూబ్‌లో పెడతాం. పాట వచ్చి యాభై ఏళ్లు దాటింది, పైగా మేము రికార్డు వేయడం లేదు. అయినా అనుమతి కావాలా? ‘కాపీరైట్ బాధ్యత మొత్తం బ్యాండ్‌దే’ అని పబ్ వారు ఒప్పందంలో రాశారు. సంతకం పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ వాక్యం అలాగే ఉంటే సంతకం పెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు యాభై ఏళ్ల సంగతి చూద్దాం.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం గేయానికి, బాణీకి రచయిత జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఉమ్మడి రచన అయితే అందరికంటే చివర మరణించిన వ్యక్తి నుంచి లెక్క మొదలవుతుంది. ఈ పాటకు రచయితలుగా డీప్ పర్పుల్ సభ్యులు ఐదుగురి పేర్లూ ఉన్నాయి. వారిలో జాన్ లార్డ్ 2012లో మరణించారు. ఆయన ఒక్కరినే లెక్కలోకి తీసుకున్నా 2072 చివరి దాకా హక్కులు పోవు. విదేశీ రచన కదా అనే వాదన కూడా నిలవదు. అంతర్జాతీయ కాపీరైట్ ఆర్డర్, 1999 ద్వారా బ్రిటిష్ రచనలకు ఇక్కడ కూడా అదే రక్షణ ఉంది.

రికార్డు వేయడం లేదన్న మీ మాటలో సగం నిజం ఉంది. 1972లో వెలువడిన ఆ రికార్డింగుపై హక్కు వేరు, ఆ పాటపై హక్కు వేరు. మీరే గిటార్ పట్టుకుని వాయిస్తున్నారు కాబట్టి రికార్డింగు హక్కుదారులతో మీకు పని లేదు. విరామంలో డీజే వేసే పాటల సంగతి పబ్ వారు చూసుకోవాలి. కానీ గేయాన్ని, బాణీని బహిరంగంగా ప్రదర్శించే హక్కు సెక్షన్ 14 కింద రచయితలది, లేదా వారి నుంచి ఆ హక్కు పొందినవారిది. మీరు తాకుతున్నది దాన్నే. 2017లో ఇళయరాజా తరఫున ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి నోటీసు వెళ్లినప్పుడు, పాడిన మనిషికే పాడే హక్కు లేదా అని మన ఇళ్లలో ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. అక్కడా పేచీ రికార్డు గురించి కాదు, వేదిక మీద పాడటం గురించే.

మరి అనుమతి ఎక్కడ దొరుకుతుంది? గేయ, సంగీత రచయితల తరఫున మన దేశంలో రుసుము వసూలు చేసే నమోదిత కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). విదేశీ సొసైటీలతో దానికి పరస్పర ఒప్పందాలున్నాయి. రుసుముల పట్టికను ప్రచురించాలని చట్టమే చెబుతోంది కాబట్టి ఎంత కట్టాలో ముందే చూసుకోవచ్చు. ఈ పాట వారి జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఫోనులో ‘ఉందండీ’ అంటే చాలదు. నేపథ్య సంగీతం కోసం పబ్ ఇప్పటికే లైసెన్సు తీసుకుని ఉంటే అది ప్రత్యక్ష ప్రదర్శనకు వర్తిస్తుందో లేదో ఆ కాగితం తెప్పించుకుని చదవండి.

ఇక ఆ ఒప్పందం. అనుమతి లేని ప్రదర్శనకు లాభం కోసం చోటిచ్చినవారు కూడా సెక్షన్ 51 కింద ఉల్లంఘనకు బాధ్యులే. తమకు తెలియదని, అనుమానించే కారణమూ లేదని చూపగలిగితేనే తప్పించుకుంటారు. మీతో ఏం రాయించుకున్నా హక్కుదారు ముందు ఆ బాధ్యత పోదు. ఆ వాక్యం వల్ల జరిగేది ఒక్కటే: రేపు పబ్ కట్టాల్సి వచ్చిన డబ్బును మీ దగ్గర వసూలు చేసుకునే దారి దొరుకుతుంది. టిక్కెట్ల డబ్బు వారి చేతికి, నష్టపరిహారం మీ నెత్తికి అన్నమాట. దాని బదులు ఇలా రాయించండి: ‘బ్యాండ్ ఇచ్చే పాటల జాబితా ప్రకారం బహిరంగ ప్రదర్శన లైసెన్సును నిర్వాహకులు తమ ఖర్చుతో ప్రదర్శనకు ముందే తీసుకుని, ప్రతిని బ్యాండ్‌కు ఇవ్వాలి.’ జాబితా మాత్రం మీరు నిజాయితీగా ఇవ్వాలి.

టిక్కెట్ తీసేస్తే సరిపోతుందా అని మీరు తప్పక అడుగుతారు. డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సంఘాలు ఇచ్చే ప్రదర్శనకు సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. పారితోషికం పుచ్చుకుని పబ్‌లో వాయించే బ్యాండ్ ఆ గొడుగు కింద నిలబడగలదని నేను అనుకోను.

తెలుగు చరణం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అనువదించే హక్కు, బాణీని మార్చి కూర్చే హక్కు కూడా రచయితలవే. ప్రదర్శన లైసెన్సులో అవి రావు. పూర్తిగా మీ సొంత మాటలే రాసినా బాణీ వారిదే కదా. పైగా రచనను వికృతం చేశారని భావిస్తే రచయిత సెక్షన్ 57 కింద అభ్యంతరం చెప్పవచ్చు. రచయితల తరఫున పాట హక్కులు చూసే సంగీత పబ్లిషర్ నుంచి విడిగా అనుమతి వచ్చేదాకా ఆ చరణం పక్కన పెట్టండి. గిటార్ సోలో మీ శైలిలో వాయించారని కోర్టుకు వెళ్లేవారు అరుదు. మాటలు మార్చితే మాత్రం చిక్కు.

వీడియో వేరే వ్యవహారం. వేదిక లైసెన్సు ఆ రాత్రికి, ఆ గదికి పరిమితం. పాటను దృశ్యంతో కలిపి ఇంటర్నెట్‌లో పెట్టడానికి పబ్లిషర్ అనుమతి కావాలి. యూట్యూబ్‌లో చాలాసార్లు జరిగేది, వీడియో ఉంటుంది కానీ ప్రకటనల ఆదాయం పబ్లిషర్‌కు పోతుంది. కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తారు. మొదటిది జరిగినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఇతరుల పాటను మళ్లీ పాడి చేసే కవర్ పాటలకు సెక్షన్ 31సీ కింద, రాయల్టీ కడితే చట్టమే ఇచ్చే లైసెన్సు ఉందని ఎవరైనా చెబితే, అది ఆడియో రికార్డింగులకు ఉద్దేశించినదని, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలని వారికి చెప్పండి.

మీకూ ఒక హక్కుంది. ప్రదర్శకులుగా మీ వాయింపుపై సెక్షన్ 38 కింద 50 ఏళ్ల రక్షణ ఉంటుంది. పబ్ వారు ఆ రాత్రి ప్రదర్శనను చిత్రీకరించి తమ ప్రచారానికి వాడుకోవాలంటే మీ సమ్మతి కావాలి. లైసెన్సు ఖర్చు ఎవరు భరించాలనే బేరం దగ్గర ఆ మాట పైకి తీయండి.