గూఢచారి చేతి గడియారం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

జేమ్స్ బాండ్ ధరించిన వాచీల గురించి పాఠకులు పంపిన ఉత్తరాలలో నుంచి ఒకదానితో మరొకటి సంబంధం ఉన్న ప్రశ్నలను ఎంచుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: బాండ్ అసలు వాచీ రోలెక్స్ అని కొందరు, ఒమెగా అని కొందరు గట్టిగా వాదిస్తారు. ఎవరి మాట సరైనది?

సమాధానం: నవలలను ప్రమాణంగా తీసుకుంటే రోలెక్స్. 1995 నుంచి వచ్చిన సినిమాలను తీసుకుంటే ఒమెగా. అయితే ఈ రెండు వాక్యాలతో వాదం తేలిపోదు, ఎందుకంటే ఆ పాత్రకూ వాచీకీ బంధం ఎలా ఏర్పడిందన్నదే ఇక్కడ తెలుసుకోవలసిన విషయం.

బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగంలో పనిచేసినవాడు. ఆయన కథానాయకుడు కూడా నౌకాదళంలో కమాండర్ హోదా ఉన్నవాడే. అటువంటి మనిషి చేతికి ఉండవలసిన వాచీ నీటికీ, దెబ్బలకూ తట్టుకోవాలి, చీకటిలో అంకెలు కనబడాలి. 1963లో వెలువడిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ నవలలో బాండ్ చేతికి ఉన్నది సాగే లోహపు చైను కలిగిన బరువైన రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచ్యువల్. శత్రువుల స్థావరం నుంచి తప్పించుకోవలసి వచ్చినప్పుడు అతడు ఆ చైనును వేళ్ళ కణుపుల మీదికి జరిపి, వాచీనే ఆయుధంగా చేసుకుని కాపలాదారుని కొడతాడు. ఆ కథలో వాచీ అలంకారం కాదు, పనిముట్టు. ఆయిస్టర్ పర్పెచ్యువల్ అన్న పేరుకు మించి ఫ్లెమింగ్ నవలలలో ఎక్కడా ఫలానా మోడల్ అని చెప్పలేదు. ఆయన స్వయంగా ధరించినది రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్.

ఈనాడు అందరి మనసులోనూ ఉన్న రూపం మాత్రం సినిమా ఇచ్చినది. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ చేతికి రోలెక్స్ సబ్‌మెరీనర్, 6538 సంఖ్య గల మోడల్, కనబడుతుంది. వాచీకి కీ ఇచ్చే బొడిపెను క్రౌన్ అంటారు. ఈ మోడల్‌లో అది పెద్దదిగా ఉండి, తరువాతి మోడళ్ళలో వలె దానికి ఇరువైపులా రక్షణ కొమ్ములు లేకపోవడం వల్ల దూరం నుంచి చూసినా గుర్తు పట్టవచ్చు. సముద్రంలో మునిగే ఈతగాళ్ళ కోసం తయారైన వాచీని విందు దుస్తుల మీద ధరించడం అప్పటి మర్యాదకు విరుద్ధమే అయినా, ఆ చొక్కా కఫ్ కింది నుంచి తొంగి చూసిన ఉక్కు వాచీయే ఆ మనిషి ఏ క్షణంలోనైనా నీటిలోకి దూకగలడన్న సంగతిని మాటలు లేకుండా చెప్పింది. ఆ తరువాత అరవై ఏళ్ళలో వాచీల ప్రకటనలు చెప్పినదంతా ఆ ఒక్క దృశ్యం నుంచి పుట్టినదే అని నా అభిప్రాయం.

ఇక ఒమెగా విషయం. 1995లో ‘గోల్డెన్ ఐ’ కోసం దుస్తుల రూపకర్త లిండీ హెమ్మింగ్ ఒమెగా సీమాస్టర్‌ను ఎంపిక చేసినప్పుడు ఆమె చూపిన కారణం కూడా నౌకాదళమే: ఈతలో ఆరితేరిన, ఆర్భాటం నచ్చని నౌకాదళ అధికారి ధరించదగినది అదే అని ఆమె భావించింది. ఇందులో చారిత్రకంగా తప్పు పట్టవలసినది ఏమీ లేదు. 1960ల చివర బ్రిటిష్ సైన్యానికి ఒమెగా సీమాస్టర్ 300 వాచీలు సరఫరా అయ్యాయి. 1970లలో రోలెక్స్ సబ్‌మెరీనర్లు కూడా వెళ్ళాయి. ఆ కొలువులో ఉన్నవాడు రెండింటిలో ఏది ధరించినా సహజమే. నాకు అభ్యంతరం కలిగించేది 2006లో వచ్చిన ‘కసీనో రాయల్’లోని రైలు సన్నివేశం. ఎదుట కూర్చున్న స్త్రీ అతని వాచీ రోలెక్సా అని అడగగా, బాండ్ ‘ఒమెగా’ అని బదులిస్తాడు. వాచీ సంస్థతో వ్యాపార ఒప్పందం ఉండడం వేరు, పాత్ర నోటితోనే ఆ పేరు పలికించడం వేరు. అరవైలలో ఆ వాచీని ఎవరూ పరిచయం చేయలేదు, అందుకే అందరూ చూశారు.

ప్రశ్న: రోజర్ మూర్ బాండ్‌గా నటించిన కాలపు సినిమాలలో ఆ పాత్ర ముళ్ళకు బదులు అంకెలు చూపే డిజిటల్ వాచీలు ధరించింది. అంత విలాసవంతుడైన పాత్రకు సెయికో వాచీ తగునా?

సమాధానం: ఆ కాలాన్ని ఆ కాలపు కళ్ళతోనే చూడాలి. 1969 డిసెంబరు 25న సెయికో సంస్థ టోక్యోలో ఆస్ట్రాన్ అనే వాచీని అమ్మకానికి పెట్టింది. అది క్వార్ట్జ్‌తో నడిచే మొదటి చేతి గడియారం. క్వార్ట్జ్ స్ఫటికానికి విద్యుత్తు అందితే అది అతి నిలకడగా కంపిస్తుంది. నేటి సాధారణ క్వార్ట్జ్ వాచీలో ఆ కంపనాలు సెకనుకు 32,768. స్ప్రింగుతో నడిచే మంచి వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంటే, ఆస్ట్రాన్ నెలకు ఐదు సెకన్లకు మించి తేడా చూపదని ఆ సంస్థ ప్రకటించింది. ఆ తరువాతి పదిహేనేళ్ళలో స్విట్జర్లాండ్ గడియారాల పరిశ్రమలో ఉద్యోగుల సంఖ్య దాదాపు 90 వేల నుంచి సుమారు 30 వేలకు పడిపోయింది.

సినిమాలు ఈ మార్పును వెంటనే పట్టుకున్నాయి. 1973 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’ ప్రారంభంలో బాండ్ చేతికి హామిల్టన్ పల్సర్ ఉంటుంది. దానికి ముళ్ళు ఉండవు. బొత్తాం నొక్కితే నల్లని తెర మీద ఎర్రని అంకెలు కొద్దిసేపు వెలిగి ఆరిపోతాయి, ఎందుకంటే అవి ఎల్లప్పుడూ వెలుగుతూ ఉంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. 1972లో మొదటి పల్సర్ బంగారు కేసుతో 2,100 డాలర్లకు అమ్ముడైంది. అప్పటి రోలెక్స్ సబ్‌మెరీనర్ కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు. 1977 నుంచి వచ్చిన సెయికోలు కూడా ఆ నాటికి సరికొత్త సాంకేతికతకు గుర్తులే. ‘ది స్పై హూ లవ్డ్ మీ’లో సెయికో వాచీలో నుంచి సందేశం అచ్చయిన సన్నని టేపు బయటికి వస్తుంది. ‘మూన్‌రేకర్’లో వాచీలో దాచిన పేలుడు పదార్థమే అతని ప్రాణం కాపాడుతుంది. కనుక సెయికోను తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. అత్యాధునికమైనదే గూఢచారి చేతికి ఉండాలనుకుంటే, ఆ పదేళ్ళలో అది జపాన్ నుంచే రావాలి.

ప్రశ్న: ‘గోల్డ్‌ఫింగర్’ సినిమాలో ఉన్నదంటూ చారల నైలాన్ పట్టీని నాటో పట్టీ పేరుతో అమ్ముతున్నారు. అది నిజంగా అదేనా?

సమాధానం: కాదు. 1964 నాటి ఆ సన్నివేశంలో బాండ్ తెల్లని కోటుతో లోపలికి వచ్చి, లైటర్ వెలిగించి ఆ వెలుతురులో టైము చూసుకుంటాడు. ఆ దగ్గరి దృశ్యాన్ని ఆపి పరిశీలిస్తే, సబ్‌మెరీనర్ కేసు కొమ్ముల మధ్య ఎడానికి పట్టీ సరిపోలేదని స్పష్టంగా కనబడుతుంది. రెండు వైపులా ఖాళీ మిగిలి, పట్టీని పట్టి ఉంచే సన్నని స్ప్రింగు కడ్డీ బయటికి కనబడుతూ ఉంటుంది. పట్టీ ముదురు నీలం, దాని మీద ఎరుపు, ఆకుపచ్చ సన్నని గీతలు. నాటో పట్టీగా ప్రసిద్ధమైన దానికి బ్రిటిష్ రక్షణ శాఖ నిర్దేశాలు రూపొందించినది 1973లో, అంటే ఆ సినిమా విడుదలైన తొమ్మిదేళ్ళకు. పైగా ఆ నిర్దేశాల ప్రకారం పట్టీ రంగు బూడిద రంగు, చారలు లేనిది. ఆ చారల పట్టీ చేతికి అందంగానే ఉంటుంది, నచ్చితే తప్పక ధరించవచ్చు.

ప్రశ్న: సినిమాలలో చూపిన వాచీలు లేజరు కిరణాలతో ఉక్కును కోస్తాయి. వాటిలో ఏదైనా నిజంగా పనిచేసేదేనా?

సమాధానం: ఆయుధాలుగా చూపినవన్నీ కల్పనలే. వాటి తరువాతి చరిత్ర మాత్రం నిజమైనదే, ఆసక్తికరమైనదే. 1965 నాటి ‘థండర్‌బాల్’లో అణుబాంబులను కనిపెట్టడానికి రేడియోధార్మికతను కొలిచే బ్రైట్లింగ్ టాప్ టైమ్ వాచీని చూపారు. ఆ సినిమా వాచీ చాలాకాలం కనుమరుగై, పాత సామాన్ల సంతలో 25 పౌండ్లకు ఒకరి చేతికి దొరికి, 2013లో క్రిస్టీస్ వేలంలో లక్ష పౌండ్లకు పైగా పలికింది. ‘లివ్ అండ్ లెట్ డై’లో రంపంలా తిరిగే వలయంతో కనబడిన రోలెక్స్ 2015లో జెనీవాలో 3,65,000 స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైంది.

ప్రశ్న: బాండ్ వాచీల మీద 300 మీటర్లు అని ఉంటుంది. పది అంకె పక్కన మరో బొడిపె కూడా ఉంటుంది. సాధారణ వినియోగదారునికి ఇవి ఎందుకు?

సమాధానం: 300 మీటర్లు అంటే ఆ లోతున నిశ్చలంగా ఉండే నీటి ఒత్తిడిని, అంటే సుమారు 30 వాతావరణ పీడనాలను, వాచీ తట్టుకుంటుందని అర్థం. ఈతగాళ్ళ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని మీద మరో 25 శాతం అధిక ఒత్తిడితో పరీక్షించాలి. అయితే ఆ హామీ కొత్త వాచీకి వర్తించేది. నీటిని అడ్డుకునేది వెనుక మూత వద్ద, క్రౌన్ వద్ద ఉండే సన్నని రబ్బరు వలయాలు. అవి కాలక్రమంలో గట్టిపడి పగుళ్ళు తీస్తాయి. కనుక నీటిలో వాడేవారు ఏటా ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి. క్రౌన్‌ను పూర్తిగా బిగించకుండా నీటిలో దిగితే 300 మీటర్ల వాచీ కూడా చేతులు కడుక్కునే చోటే పాడైపోతుంది.

రెండవ బొడిపె హీలియం వాయువును బయటికి వదిలే కవాటం. సముద్రగర్భంలో రోజుల తరబడి పనిచేసేవారు హీలియం కలిసిన గాలి నిండిన గదులలో ఉంటారు. హీలియం అణువులు అతి చిన్నవి కావడంతో రబ్బరు వలయాలను దాటి వాచీ లోపలికి చేరుతాయి. ఆ గదిలో ఒత్తిడిని తగ్గించేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువు వ్యాకోచించి అద్దాన్ని బయటికి నెట్టివేయగలదు. ఆ ప్రమాదం నుంచి కాపాడడమే ఈ కవాటం పని. ఆ వృత్తిలో లేనివారికి దానితో అవసరం రాదు, నీటిలో ఉన్నప్పుడు దానిని విప్పకూడదు కూడా.

అందరికీ పనికివచ్చేది డయల్ చుట్టూ తిరిగే వలయం. దాని మీది త్రికోణపు గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, ఆ తరువాత ఎన్ని నిమిషాలు గడిచాయో వలయం మీదే చదువుకోవచ్చు. నేటి ఈతగాళ్ళ వాచీలలో అది అపసవ్య దిశలోనే తిరుగుతుంది. పొరపాటున తగిలి జరిగినా, గడిచిన సమయం ఎక్కువగానే చూపుతుంది కనుక మునిగినవాడు గాలి అయిపోకముందే పైకి వస్తాడు. ఇంత సరళమైన ఆలోచన ఒక ప్రాణాన్ని కాపాడగలగడం నాకు ఏ లేజరు కంటే గొప్పగా తోస్తుంది.

ప్రశ్న: బాండ్ పేరుతో వచ్చే పరిమిత సంఖ్య వాచీ కొనడం మంచిదా, పాతది వెతుక్కోవడం మంచిదా?

సమాధానం: పరిమిత సంఖ్య అన్న మాటను లెక్కతో చూడండి. 2015లో ‘స్పెక్టర్’ కోసం ఒమెగా చేసిన సీమాస్టర్ 300 సంఖ్య 7,007. అది అరుదైనదనడం కష్టం. 2021 నాటి ‘నో టైమ్ టు డై’ వాచీకి సంఖ్యా పరిమితి లేదు, కాని నా దృష్టిలో అదే మెరుగైనది. టైటానియం కేసు, తేలికైన జాలీ చైను, తేదీ లేని డయల్, వాటిని నిర్ణయించడంలో నటుడు డేనియల్ క్రెయిగ్ సలహా, ఇవన్నీ దానిని మళ్ళీ పనిముట్టుకు దగ్గరగా తెచ్చాయి. తక్కువ ఖర్చులో కావాలనుకునేవారు ‘గోల్డెన్ ఐ’ నాటి క్వార్ట్జ్ సీమాస్టర్‌ను పరిశీలించవచ్చు. స్ప్రింగు వాచీ కంటే దాని నిర్వహణ సులువు.

1950ల నాటి సబ్‌మెరీనర్ వంటి పాతవాటి విషయంలో డయల్, ముళ్ళు, వలయం మొదట ఉన్నవేనా లేక తరువాత మార్చినవా అన్నదే ధరను నిర్ణయిస్తుంది. సాన పట్టిన కేసు అంచులు పదును కోల్పోతాయి, ఆ పదును మళ్ళీ రాదు. ఆ కాలపు డయళ్ళ మీద చీకటిలో వెలగడానికి రేడియం కలిసిన రంగు వాడేవారు. వెలుగు ఎప్పుడో ఆరిపోయినా రేడియోధార్మికత మాత్రం అలాగే ఉంటుంది, రంగు పొడిగా రాలితే శ్వాస ద్వారా లోపలికి పోయే ప్రమాదం ఉంది. అటువంటి వాచీ వెనుక మూతను ఇంట్లో తెరవకుండా, రేడియం డయళ్ళతో పనిచేసిన అనుభవం ఉన్న వాచీ మెకానిక్‌కే అప్పగించండి.